బొట్టు పెట్టి పిలవడానికి ఎవర్నడగాలి?

వంటిల్లు సర్దేసుకున్నారా? అయితే ఈ వారం కాస్సేపు సినిమా కబుర్లు. ‘అరవింద సమేత వీర రాఘవ’ చూసే ఉంటారు. 2018 అక్టోబర్ 11న, దసరాల్లో వచ్చింది. త్రివిక్రమ్ శ్రీనివాస్ తీశారు. తండ్రి హరికృష్ణ పోయి నెలన్నర తిరక్కుండానే జూనియర్ ఎన్టీఆర్, తండ్రిని పోగొట్టుకున్న కొడుకుగా తెర మీద కనిపించేసరికి మా వేపు ఆడాళ్లంతా కళ్లొత్తుకున్నారు.

కొమ్మద్ది, నల్లగుడి అని రెండు ఊళ్లు. పేకాటలో అయిదు రూపాయల దగ్గర తగువు. అయిదంటే అయిదే! ఆ డబ్బులకి కొత్తిమీర కట్ట కూడా రాదిప్పుడు. దానికోసం ఎన్ని తలలు తెగాయో లెక్కే లేదు. మొదటి ఫైటు పిల్లల్ని పక్కన పెట్టుకుని చూడలేం, అది మాత్రం నాకు నచ్చలేదు. శాంతి గురించి చెప్పే సినిమాకి అంత రక్తం ఎందుకో!

పగ సినిమాలు మనకి కొత్త కాదు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఇంద్ర’ (2002) అన్నీ చూశాం. పాపం సీమ వాళ్లు తమని ఇలాగే చూపిస్తారని నొచ్చుకుంటారు, నిజమే మరి. వాటిల్లో ఆడవాళ్లకి ఎక్కువగా ఏడుపే మిగిలింది. ఇందులో అలా కాదు. కత్తి పట్టిన మనవణ్ణి ఆపేది జేజి. ఆ వేషం సుప్రియా పాఠక్ వేసింది. రామజోగయ్యశాస్త్రి రాసిన ‘పెనివిటి’ పాట కాలభైరవ పాడాడు. గొంతు మగాడిదైనా గోడు ఆడదానిది. ఇక బసిరెడ్డి, రాజీకి ఒప్పుకున్న కన్నకొడుకునే చంపుకుంటాడు. ఆఖర్న మొగుడూ కొడుకూ ఇద్దరూ పోయిన బసిరెడ్డి భార్య ముందుకే వస్తుంది కథ. ఆవిడ కూడా పగంటే మళ్లీ మొదలే.

మా రావికమతంలో కత్తులూ బాంబులూ లేవు లెండి. మా వేపు పగంటే ‘మాటల్లేవు’ అనడమే. మా మావగారికీ ఆయన తమ్ముడికీ చెరకు చేను గట్టు దగ్గర తేడా వచ్చింది. జానెడు గట్టు! 22 ఏళ్లయింది. రెండిళ్లకీ మధ్య గోడొకటే. వాళ్ల పోపు ఘాటుకి మేం తుమ్ముతాం, మా పిల్లల పరీక్షలు వాళ్లకి తెలుస్తాయి. మాటల్లేవు. అన్నదమ్ములిద్దరూ పోయారు. గట్టు కూడా వానలకి ఎప్పుడో కరిగిపోయింది.

సినిమా అయ్యాక మా అత్తగారిని అడిగాను, “అసలు తప్పెవరిదత్తా?” అని. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, “నాకేటి తెలుసే? మాటాడొద్దన్నారు, మానేసినాను” అంది.

నాకు నోట మాట రాలేదు. తోడికోడళ్లిద్దరూ ఒకే ఏడాది కాపురానికొచ్చారట. ఒకరి పిల్లలకి ఒకరు నీళ్లు పోశారట. దెబ్బలాడింది మగాళ్లు. ఆ దెబ్బలాటని రోజూ పెరట్లో, నూతి దగ్గర, పేరంటాల్లో మోసింది వీళ్లు.

వచ్చే మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. పక్కింటికి శుభలేఖ ఇవ్వాలా వద్దా అని మా వారూ మరిదీ రెండ్రోజులు తర్జనభర్జన పడ్డారు. “ముందు వాళ్లు రావాలి” అని ఒకరు, “నాన్న మాట ఏమైనట్టు?” అని ఇంకొకరు. మా అత్తగారు వింటూ వింటూ లేచి, “శుభలేఖ మీ ఇష్టం. బొట్టెట్టి పిలడానికి కూడా మగోళ్లనడగాలేటి?” అంది. వాళ్లిద్దరూ నోరు మెదపలేదు.

గురువారం మంచిదన్నారు పంతులుగారు. కుంకుమ భరిణె తోమి పెట్టాను. చలిమిడి ఎక్కువ బెల్లంతో చెయ్యమంది, చిన్నత్తకి అలా ఇష్టమట. 22 ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది ఆవిడకి.

తలుపు తీస్తారో, మొహం మీదే వేస్తారో! వేస్తే మళ్లీ శుక్రవారం వెళ్దాంలే, అంటోంది.