ఇంగ్లీషుకు మెట్టు తెలుగు వ్యాకరణమే

జూన్ వచ్చిందంటే టీసీల కోసం తల్లిదండ్రులు వరుస కడతారు. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా చెప్పే కారణం ఒక్కటే: "తెలుగులో చదివితే పిల్లలకు ఇంగ్లీషు రాదండీ." ఆ భయాన్ని మేము తీసిపారేయడం లేదు. పై చదువులకైనా, ఉద్యోగానికైనా ఇంగ్లీషు కావాలి. అయితే ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకు దాన్ని నేర్పే దగ్గరి దారి తెలుగులోనే ఉందని, రోజూ తరగతిలో నిలబడే ఉపాధ్యాయులుగా మేము గట్టిగా చెప్పగలం.

ఒక్క ఉదాహరణ చాలు. "నిన్న ఏం చేశావు?" అని అడిగితే జవాబులో మూడు సంగతులుండాలి: ఎవరు, ఏం చేశారు, ఎలా లేదా ఎప్పుడు. అంటే సర్వనామం, భూతకాల క్రియ, క్రియావిశేషణం. రోజువారీ ఇంగ్లీషులో చాలా మాటలు ఈ మూడింటి కూర్పే.

మొదట సర్వనామం. తెలుగులో "వెళ్ళాను" అంటే చాలు, నేనే అని క్రియే చెబుతుంది. ఇంగ్లీషులో "వెంట్" అంటే ఎవరు వెళ్ళారో తెలియదు. ఐ, యూ, హీ, షీ, వీ, దే అన్నింటికీ అదే "వెంట్". మన పిల్లలు "వెంట్ టు టెంపుల్" అని మొదలుపెట్టేది తెలివి తక్కువై కాదు, తెలుగు అలవాటు వల్ల. తెలుగులో ఆ పని క్రియ చివర చేస్తుంది, ఇంగ్లీషులో ముందున్న సర్వనామం చేస్తుంది అని చెబితే, ఎందుకు వదలకూడదో పిల్లలకు అర్థమవుతుంది. "నాన్నగారు వచ్చారు", "వాళ్ళు వచ్చారు" అనే రెండు చోట్లా తెలుగులో క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది "హీ", రెండోది "దే". ఈ తేడా కూడా పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ఇక్కడ సరిహద్దు పిల్లలకు ఒక లాభం ఉంది. తెలుగులో అక్క వచ్చినా, ఆవు వచ్చినా "వచ్చింది" అనే అంటాం. తమిళంలో అక్కకు "వందాళ్", ఆవుకు "వందదు". కన్నడంలోనూ "బందళు", "బందితు" వేరు. ఆ భాషలు వింటూ పెరిగే పిల్లలకు షీ, ఇట్ తేడా కొత్తది కాదు. ఒడియాలో అతనికీ ఆమెకూ "సే" ఒక్కటే. అక్కడ హీ, షీ తేడాకు మన అతను, ఆమె సాయపడతాయి.

రెండోది క్రియ. "డిడ్ నాట్ వెంట్" అన్న తప్పును ఎర్ర సిరాతో ఎన్నిసార్లు కొట్టేసినా పోదు. తెలుగునే అడిగి చూడండి. "వెళ్ళాను"కు వ్యతిరేకం "వెళ్ళాను లేదు" కాదు, "వెళ్ళలేదు". లేదు రాగానే క్రియ తన భూతకాల రూపం వదిలేసింది. ఇంగ్లీషులోనూ అంతే: "డిడ్" కాలాన్ని మోస్తుంది కాబట్టి "వెంట్" మళ్ళీ "గో" అవుతుంది. నేను, అతను, వాళ్ళు ఎవరైనా "వెళ్ళలేదు" ఒక్కటే. "డిడ్ నాట్ గో" కూడా ఒక్కటే. ఇంత దగ్గరి పోలికను వాడుకోకుండా బట్టీ పట్టించడం దేనికి?

మూడోది క్రియావిశేషణం. మెల్లగా, చక్కగా అన్నప్పుడు మన "గా" చేసే పనిని ఇంగ్లీషులో చాలా చోట్ల "లీ" చేస్తుంది: స్లోలీ, నైస్లీ. అన్ని చోట్లా కాదు. "ఫాస్ట్‌లీ" అనరు, "ఫాస్ట్" చాలు. "వర్క్‌డ్ హార్డ్" అంటే కష్టపడి పని చేశాడని, "హార్డ్‌లీ వర్క్‌డ్" అంటే దాదాపు చేయలేదని. చోటు కూడా మారుతుంది. మనం "మెల్లగా నడిచాడు" అంటాం, వాళ్ళు "హీ వాక్‌డ్ స్లోలీ" అంటారు. "ఎప్పుడూ రాలేదు"లో లేదు కావాలి. "నెవర్ కేమ్"లో నెవరే ఆ లేదు.

ఇవన్నీ తెలియాలంటే ముందు తెలుగులో క్రియ ఏదో, కాలం ఏదో పిల్లలకు తెలియాలి. ఐదో తరగతిలోనే తెలుగు మాన్పిస్తే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. తమిళనాడులో 2006 చట్టంతో మన పిల్లలపై తమిళం బాధ్యత కూడా పడింది. భాషలు పెరిగినప్పుడు విడివిడిగా రుద్దకుండా పోల్చి నేర్పితేనే బరువు తగ్గుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలు గబగబా మాట్లాడతారు కదా అనవచ్చు. వినడం వల్ల వచ్చే ధారాళత నిజమే. అందుకే మన బడుల్లోనూ నోట్సు చెప్పి రాయించడం తగ్గి, మాట్లాడించడం పెరగాలి. "గో, గోస్" తిప్పల కంటే ముందు భూతకాలంతో మొదలుపెట్టాలని మా సూచన. "వాజ్, వర్" తప్ప మిగతా క్రియలు మనిషిని బట్టి మారవు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. రాత్రి అన్నాల వేళ "ఈరోజు ఏం చేశావు?" అని తెలుగులోనే అడగండి. మూడు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ప్రతి వాక్యం "ఎవరు"తో మొదలైందో లేదో వినండి, అర్థం తెలుగులో చెప్పించుకోండి. ఈ ఒక్క ఏడాది అలా చేసి చూసి, ఆ తర్వాతే టీసీ సంగతి ఆలోచించండి.