ఊరి పేజీకి నీళ్లు పోసేదెవరు?

ఆన్‌లైన్లో ఒక గ్రూపు మొదలుపెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. పేరు పెట్టడం, ఒక ఫొటో తగిలించడం, ఫోనులో ఉన్న నంబర్లన్నీ అందులో పడేయడం. మూడో వారానికి మిగిలేవి గుడ్ మార్నింగ్ పువ్వులూ, పండగ శుభాకాంక్షలూ. మీకు తెలియంది కాదు.

మొన్న మామిడికాయల రోజుల్లో విస్సన్నపేట వెళితే, టీ కొట్టు దగ్గర ఒక డిగ్రీ కుర్రాడు పట్టుకున్నాడు. "మా ఊరి సంగతులన్నీ ఒకచోట చేర్చేట్టు ఏదైనా పెడదామనుకుంటున్నామండీ. పెట్టడం తేలికే, జనం నిలవొద్దూ?" అని. అసలు ప్రశ్న అదే. నాకు తెలిసిన జవాబు తెలుగు వికీపీడియా.

దాన్ని 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టారు. కంప్యూటర్లో తెలుగు కొట్టడమే అప్పుడో యజ్ఞం. నెట్‌లో తెలుగువాళ్లు లేక కాదు, ఉన్నవాళ్లు ఇంగ్లిషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. ఆ అక్షరాలను తెలుగులోకి మార్చే 'పద్మ'ను కూడా నాగార్జునే తయారుచేశారు. దాని ఆధారంగా 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చారు. అదే ఏడు ఈనాడు ఆదివారం పుస్తకంలో వికీపీడియా గురించి వ్యాసం వచ్చేసరికి కొత్తవాళ్లు బిలబిలా వచ్చారు.

పేపర్లో పడితే ఎవరైనా వస్తారు. నిలబెట్టింది మాత్రం వేరే. వచ్చిన ప్రతివాడి పేజీలో ఎవరో ఒకరు స్వాగతం రాసిపెట్టేవారు. వైజాసత్య, చదువరి లాంటి పేర్లతో రాసిన పాతకాపులు కొత్తవాళ్ల తప్పులు దిద్దుతూ, అడిగినదానికి ఓపిగ్గా జవాబిస్తూ కూర్చున్నారు. అందరూ మాట్లాడుకునే చోటికి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. రెండు ముక్కలతో ఆగిపోయిన వ్యాసాన్ని 'మొలక' అన్నారు. ఎంత చక్కటి మాట! చిన్నదే, తప్పేం కాదు, నీళ్లు పోయండి అన్నట్టు లేదూ?

అన్నిటికన్నా తెలివైన పని ఊళ్ల పేజీలు. వేల గ్రామాలకు ముందే తలో పేజీ తెరిచిపెట్టారు. భారతదేశ చరిత్ర రాయమంటే ఎవరైనా జంకుతారు. సొంత ఊరి పేజీలో చెరువు పేరు తప్పుంటే ఊరుకుంటారా? దిద్దుతారు. ఆ ఒక్క దిద్దుబాటుతో లోపలికొచ్చినట్టే. కొత్తవాడికి వాడికి తెలిసిన చిన్న పని అప్పగించడం, నా లెక్కలో సగం విజయం అదే.

మిగతా సగం మాత్రం తేలలేదు. విస్సన్నపేటకూ పేజీ ఉంది. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. అలా జిల్లా మారిన ఊళ్లు రాష్ట్రంలో ఎన్నో! అన్ని పేజీల్లోనూ ఆ పేరు దిద్దడం జీతం బత్తెం లేని పని. చాలా ఊళ్ల పేజీల్లో కనిపించేది మాత్రం 2011 జనాభా లెక్కలే: ఇన్ని ఇళ్లు, ఇంత మంది, ఇన్ని హెక్టార్లు. చిన్నరసం ఏదో, పెద్దరసం ఏదో తొడిమ చూసి చెప్పే మనిషి అందులో ఎక్కడుంటాడు? రేపు ఫోనులో కృత్రిమ మేధను ఊరి గురించి అడిగితే అది చెప్పేది కూడా ఇలాంటి పేజీల్లోంచి ఏరుకున్నదే.

ఈ మాట అంటే కుర్రాడు వెంటనే, "మా తాతకి ఊరి సంగతులన్నీ తెలుసండీ, రాసేయమంటారా?" అన్నాడు. వికీలో కుదరదు. ఎక్కడో ప్రచురితమైన ఆధారం చూపించాలి. తాత మాట నిజమే అయినా తీసేస్తారు. చాలామంది కొత్తవాళ్లు అలిగి వెళ్లిపోయేది ఇక్కడే. నియమం తప్పని నేననను. అది లేకపోతే ప్రతి ఊరికీ నాలుగు స్థలపురాణాలూ, నలభై తగాదాలూ. కానీ తీసేసినవాడు ఎందుకు తీశాడో రెండు మంచి మాటల్లో చెప్పాడా లేదా అన్నదాని మీదే ఆ కొత్తవాడు మళ్లీ రావడం ఆధారపడుతుంది.

ఫొటోకైతే ఆ బాధ లేదు, సొంతంగా తీసిందైతే చాలు. స్కూలు వార్షికోత్సవ సంచికలు, పాత పేపర్లు, లైబ్రరీలో దుమ్ము పట్టిన జిల్లా గెజిటీర్లు ఆధారాలకు పనికొస్తాయి. తాత మాటలు రికార్డు చేసి విడిగా దాచుకోమన్నాను. గ్రూపులో మూడొందల మందిని ఒకేసారి కలపొద్దు, రాసే చెయ్యి ఉన్న నలుగురితో మొదలుపెట్టమని కూడా చెప్పాను. నలుగురా అని నవ్వాడు. అవును, నలుగురే.