కంప్యూటర్ ముచ్చట్లు: ప్రొఫైలు మొరాయించినప్పుడు

ప్రోతరాపూర్‌లో నివసించే మన సహోద్యోగి ఒకరు ఈ శీర్షికకు సుదీర్ఘమైన లేఖ వ్రాశారు. వారి పెద్దలు శ్రీకాకుళం జిల్లా నుండి ఓడలో దీవులకు తరలివచ్చినవారు. కార్యాలయంలో వారు సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌పై సరుకు నిల్వల నివేదికలు తయారు చేస్తారు. ఇంట్లో డిగ్రీ చదువుతున్న వారి అమ్మాయి ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కళాశాల ప్రాజెక్టు చేస్తున్నది. ఒకే వారంలో రెండు చోట్లా చిక్కులు వచ్చాయట. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసివేసి మళ్ళీ ఎక్కించమంటారా అని వారి ప్రశ్న.

తొందరపడవద్దని మా మనవి. ప్రొఫైలు సాధారణంగా వాడేవారి సొంత ఫోల్డరులో ఉంటుంది కనుక, సాఫ్ట్‌వేర్‌ను పదిసార్లు ఎక్కించినా పాత ప్రొఫైలు పాత తెగులుతోనే మిగిలి ఉండవచ్చు. ప్రొఫైలును వంటింట్లోని పోపులపెట్టెతో పోల్చవచ్చు. ఆవాలు ఏ గిన్నెలో, జీలకర్ర ఏ గిన్నెలో అన్నది వండే చేతి అలవాటు. ఎవరైనా పెట్టె తారుమారు చేస్తే వంట ఆలస్యమవుతుంది గాని, బియ్యం ఎక్కడికీ పోవు.

ముందుగా సాస్ సంగతి. ప్రారంభించగానే లాగ్‌లో, సాస్‌యూజర్ ప్రొఫైలును తెరవలేకపోయినట్లు, దాని బదులు వర్క్ ప్రొఫైలును తెరుస్తున్నట్లు, చేసిన మార్పులన్నీ సెషన్ ముగియగానే పోతాయని సందేశం వచ్చింది. పోయేవి నివేదికలని భావించి మన మిత్రులు ఆ రాత్రి నిద్రపోలేదట! ఆ సందేశం చెప్పేది ఫంక్షన్ మీటల అమరిక, కిటికీల స్థానాలు, రంగుల వంటి వాటిని గురించి మాత్రమే. నిల్వల లెక్కలు క్షేమం.

దీనికి తరచుగా కనిపించే కారణం చాలా చిన్నది. సాస్ అప్పటికే మరొకసారి తెరిచి ఉండటం, లేదా మూసినా తెర వెనుక ఇంకా నడుస్తూ ఉండటం. మొదటి సెషన్ ప్రొఫైలుకు తాళం వేసుకుంటుంది, రెండవది బయట నిలబడుతుంది. టాస్క్ మేనేజరులో వెతికి, అందులో భద్రపరచని పని ఏదీ లేదని నిర్ధారించుకొని, ఆ మిగిలిపోయిన సాస్‌ను ఆపితే చాలును. అప్పటికీ లొంగకపోతే ఆ ఫోల్డరులో వ్రాసే అనుమతి ఉన్నదా, డిస్కులో చోటున్నదా అని చూడాలి. పని మధ్యలో కరెంటు పోయి ప్రొఫైలు పాడయిందన్న అనుమానం ఉంటే, సాస్‌ను మూసి ఆ ప్రొఫైలు ఫైలు ఒక్కదాని పేరు మార్చి, మళ్ళీ ప్రారంభించాలి. కొత్తది తనంతట తాను తయారవుతుంది. పేరు మార్చమన్నామే గాని చెరిపివేయమనలేదు. సాస్‌యూజర్ ఫోల్డరును మొత్తంగా తీసివేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే కొందరు తెలియక తమ డేటాను కూడా అక్కడే దాచుకుంటారు.

అమ్మాయి చిక్కు దీనికన్నా ఎంతో గడుసుది. ఆమె ప్రాజెక్టు వర్షపాతం మీద. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట అది తగిన విషయమే. సవరించిన కొత్త లెక్కల ఫైలును ఇచ్చి, తన ఆదేశాలన్నీ ఒక్కసారిగా ఆర్‌లో అతికించింది. సగటులు వచ్చాయి, పటాలు వచ్చాయి. ఏ నెల సగటు చూసినా రెండవ దశాంశం దాకా పాత సంఖ్యే! అది ఆమె కంటపడటం అదృష్టమనే చెప్పాలి.

జరిగిందేమిటంటే, కొత్త ఫైలు వేరే ఫోల్డరులో ఉన్నందున చదివే ఆదేశం విఫలమైంది. ఆ సందేశం తెరపైకి జారిపోయింది. తరువాతి ఆదేశాలు ఆగలేదు, ఎందుకంటే అదే పేరుతో పాత లెక్కలు జ్ఞాపకంలో సిద్ధంగా ఉన్నాయి. ఆర్‌ను మూసేటప్పుడు పని స్థలాన్ని భద్రపరచమంటారా అని అడిగినప్పుడల్లా ఆమె సరేనంటూ వచ్చింది. అలా డాట్ ఆర్‌డేటా అనే ఫైలులో చేరిన పాత లెక్కలు ప్రతి ఉదయం తిరిగి లేస్తున్నాయి. వెనుకటి పని స్థలాన్ని పునరుద్ధరించామని ఆర్ ఒక వాక్యంలో చెబుతూనే ఉంటుంది. చదివేదెవరు?

ఆర్‌ను ప్రారంభించే ఆదేశం చివర రెండు అడ్డగీతలు, వాటి వెంటనే వెనిల్లా అన్న మాట చేర్చితే అది ప్రొఫైలును గాని పాత పని స్థలాన్ని గాని తాకకుండా తెరుచుకుంటుంది. అప్పుడు చిక్కు మాయమైతే దోషం ఆ ఫైళ్ళదే. లేకపోతే వేరేచోట వెతకాలి. మా అనుభవంలో ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. పిమ్మట డాట్ ఆర్‌డేటా పేరు మార్చి, మూసేటప్పుడు వద్దని చెప్పడం అలవాటు చేసుకోవాలి.

కొస విషయం ఒకటి. అమ్మాయి తన విండోస్ ఖాతాకు ముచ్చటగా తెలుగు అక్షరాలలో పేరు పెట్టుకున్నది. పాత ఆర్‌కు ఆ ఫోల్డరు పేరు చదవడం రాక, ప్యాకేజీలు ఎక్కడం లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0 సంచిక నుండి, కొత్త విండోస్‌పై ఈ ఇబ్బంది చాలావరకు తొలగింది. చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది కనుక కొత్త సంచికను దింపుకోవడానికి మునుపటిలా తెల్లవార్లూ కాచుకోవలసిన పని లేదు. తెలుగు పేరు మార్చవద్దనే చెప్పాము.

కొత్త లెక్కలతో సగటులు మారాయని, గడువుకు ఒకరోజు ముందు ప్రాజెక్టు అందజేసిందని తండ్రిగారు మళ్ళీ వ్రాశారు. ఇటువంటి చిక్కులు ఎదురైన పాఠకులు, తెరపై కనిపించిన మొదటి సందేశాన్ని ఉన్నది ఉన్నట్లుగా వ్రాసి పంపితే జవాబివ్వడం మాకు సులభమవుతుంది.