వలలో పడ్డ బావురుపిల్లికి దిక్కెవరు?

అమలాపురం: తెల్లవారేసరికి చేపల చెరువు గట్టున వలలో ఏదో చిక్కుకుని గుర్రుమంటూ ఉంటుంది. ఒంటినిండా మచ్చలు చూసి "పులిపిల్ల" అంటాడొకడు. చూస్తుండగానే జనం పోగవుతారు. కర్రలు లేస్తాయి. కోనసీమ చెరువుగట్ల మీద ఇది కొత్త ముచ్చట కాదు. తీరా చూస్తే అది పులీ కాదు, పులిపిల్లా కాదు. మడ అడవుల్లోను, కాలువల వెంబడి తుంగలోను బతికే బావురుపిల్లి. నీటిపిల్లి అన్నా అదే. కోరంగి మడ అడవి దీనికి పేరున్న నివాసం.

రైతు గోడు కాదనలేనిది. అప్పు చేసి పిల్ల వేసి, మేత పోసి పెంచిన చేపను రాత్రికి రాత్రి ఎత్తుకుపోతుంటే ఏ రైతూ చూస్తూ ఊరుకోడు. అయితే ఆ పిల్లి తినేది చేపనే కాదు. ఎలుకల్ని కూడా తింటుంది. వరిచేలో ఎలుక చేసే నష్టం ఏపాటిదో డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో బావురుపిల్లి ఉంది. చంపడమే కాదు, ఉచ్చు పన్ని పట్టడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ఈ నేరానికి మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఈ సంగతి తెలిసిన రైతులు ఎందరు? తెలియజెప్పిన అధికారులు ఎందరు?

కొందరు చంపడానికి చేతులు రాక గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదిలి వస్తారు. అదీ సరికాదు. మన బెడద పొరుగూరికి అంటగట్టినట్టే. కొత్తచోట ఆ జంతువు బతికేదీ అనుమానమే.

దేనికదే చిక్కుకున్నప్పుడు చేయవలసింది కొంచెమే. జనాన్ని, కుక్కల్ని దూరం పెట్టాలి. వీలైతే దూరం నుంచే గోనెపట్టా కప్పాలి. చీకటి పడితే దాని కోపం తగ్గుతుంది. చేయి పెట్టకుండా అటవీశాఖకు కబురు చేయాలి. ఇక చెరువు చుట్టూ కరెంటు తీగ లాగడం మాత్రం ఎవరికీ తగదు. దానికి పిల్లి ఒకటే కాదు, గడ్డికి వెళ్లిన మనిషీ బలవుతాడు.

కబురు సరే, వచ్చేదెవరు?

2024 సెప్టెంబరులో కడియం నర్సరీల వైపు చిరుత తిరిగినప్పుడు అటవీ సిబ్బంది బోనులు, కెమేరాలు పెట్టి రాత్రింబవళ్లు గాలించారు. చిరుతకు చేసిన ఏర్పాటులో పదోవంతు చిన్న జంతువులకూ ఉంటే చాలు. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. అమలాపురం, రాజోలు, కొత్తపేటలలో ఒక్కొక్క బోను, పట్టడం నేర్చిన ఇద్దరేసి మనుషులు, పంచాయతీ గోడ మీద ఫోను నంబరు ఉండాలి. చేప పోయిన రైతుకు పరిహారం సంగతీ ఆలోచించాలి.

చంపితే జైలు అని చెప్పే ప్రభుత్వం, చంపకుండా ఉండే దారి కూడా చూపాలి. ఆ దారి చూపనంతకాలం కర్ర దించమని రైతుకు చెప్పడం కష్టం.