ముందు గ్రామసభ, తర్వాతే శంకుస్థాపన

2024 నవంబర్ 26న నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం 61వ నంబరు జాతీయ రహదారిపై బైఠాయించారు. నిర్మల్–భైంసా దారి మూతపడింది. నచ్చజెప్పడానికి వచ్చిన ఆర్డీవో కారు రాత్రి దాకా అక్కడి నుంచి కదల్లేదు. మర్నాడూ జనం వెనక్కి తగ్గకపోయేసరికి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపేస్తున్నట్టు అధికారులు ప్రకటించారు. నెలల తరబడి అర్జీలు ఇచ్చినా, దీక్షలు చేసినా కదలని ఫైలు రోడ్డు మూసిన రెండో రోజుకే కదిలింది. మర్యాదగా అడిగితే వినరు, రోడ్డెక్కితేనే వింటారు అన్న పాఠాన్ని దిలావర్‌పూర్, గుండంపల్లి రైతులకు నేర్పింది ప్రభుత్వమే. అలాంటప్పుడు రోడ్డెక్కినవారి మీద కేసులు పెట్టడంలో న్యాయం ఎక్కడుంది?

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. ఉమ్మడి కరీంనగర్‌లోని వెల్గటూరు మండలం స్తంభంపల్లి, పాశిగామ వైపు ఇథనాల్ ప్లాంటు ప్రతిపాదన వచ్చినప్పుడూ ఊళ్లు భగ్గుమన్నాయి. గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ స్థలంలో విధ్వంసం జరిగింది. ఆ కేసులో అరెస్టయిన రైతులను బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. దానిపై విమర్శలు రావడంతో పోలీసు సిబ్బందిపై సస్పెన్షన్ వేటు పడింది. విధ్వంసాన్ని మేం సమర్థించం. కానీ ఊరు ఆ స్థితికి చేరేదాకా ఒక్క అధికారి కూడా కాగితాలు పట్టుకుని రచ్చబండ దగ్గరికి ఎందుకు రాలేదో అడగకుండా ఉండలేం.

రాకపోవడానికి కారణం నిబంధనల్లోనే ఉంది. ధాన్యం నుంచి తయారయ్యే ఇథనాల్‌ను పెట్రోల్‌లో కలపడానికే అమ్ముతామని, వ్యర్థ జలాల్ని చుక్క కూడా బయటికి వదలబోమని చెబితే చాలు, పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని 2021 జూన్‌లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025–26కు ముందుకు జరిపిన తొందరలో పుట్టిన సడలింపు ఇది. చుక్క కూడా వదలం అన్నది కంపెనీ మాట. ఆ మాట తప్పితే చెడిపోయేది మాత్రం ఊరి బోరు నీళ్లు. దిలావర్‌పూర్ శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) వెనుక జలాలకు దగ్గర. పసుపు, సోయా, మక్క పండే ఊళ్లవి. ఫ్యాక్టరీ నీళ్లు ఎక్కడి నుంచి తోడుతుంది, రోజుకు ఎంత, వాసన ఎంతదూరం వస్తుంది అని అక్కడి రైతు అడగడం అతి కాదు. అవి ఫ్యాక్టరీ పెట్టేవాడు తనంతట తానే చెప్పాల్సిన సంగతులు.

రేపు గాలిమరల వంతు వస్తుంది. దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటినా తెలంగాణలో అది నూటా ఇరవై, ముప్పై మెగావాట్ల దగ్గరే ఉంది. అదీ ఎక్కువగా వికారాబాద్ జిల్లా పరిగి గుట్టల మీదే. 2030 నాటికి మరో 20 వేల మెగావాట్ల హరిత విద్యుత్ అంటూ రాష్ట్రం 2025లో కొత్త విధానం తెచ్చింది కాబట్టి, గాలి బాగా వీచే గుట్ట ఎక్కడుందా అని వెతికేవాళ్లు వస్తారు. గాలిమరకు పొగ గొట్టం ఉండదు. కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో అది తెల్ల జాబితా పరిశ్రమ. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ దాని జోలికే పోలేదు. అందుకే ఊరి అభిప్రాయం అడగాలన్న నిబంధన అక్కడా లేదు.

అలా వదిలేస్తే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లోని ఉమ్మడి అనంతపురం చూపించింది. చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు కల్పవల్లి కొండల్ని టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల పల్లెలు 1990ల నుంచి కాపాడుకుంటూ వచ్చాయి. బోడిగుట్టల మీద మళ్లీ గడ్డి మొలిచింది, చెట్లు లేచాయి, వాగుల్లో నీళ్లు నిలిచాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. ఆ ఒక్క మాట ఆధారంగానే అక్కడి నల్లకొండ మీద గాలిమరలకు దారి దొరికింది. గాలిమర దిమ్మెకు పట్టే జాగా కొంతే. కానీ దాని రెక్కల్ని, క్రేన్లను పైకి చేర్చడానికి వాలు పొడవునా వెడల్పాటి రోడ్లు తొలిచారు. ఆ మట్టి వానకు కొట్టుకొచ్చి వాగుల్లో పేరుకుంది, మేత నేల తగ్గింది. చివరికి గొడవ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కింది. గాలి కరెంటు మంచిదే. కానీ కొండ మీద రోడ్డు ఏ వాలున పోవాలో ఏ గొర్రెల కాపరిని అడిగినా చెప్పేవాడు.

ప్రతి అభ్యంతరమూ నిజమే కావాలని లేదు. మహారాష్ట్రలోని సాంగ్లీ, సతారా వైపు గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని జనం నమ్మారు. అది అపోహ. కానీ ప్రాజెక్టు వస్తున్న సంగతి క్రేన్ వచ్చాకే తెలిసే ఊళ్లో పుకారు కాక మరేం పుడుతుంది? పెళ్లి పత్రికలు పంచాక పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టుంది మన పాలకుల సంప్రదింపు.

ఇలా అభ్యంతరం చెప్పారని ఉత్తర తెలంగాణ వాళ్లను కరెంటుకు అడ్డం పడేవాళ్లు అనడం మాత్రం దారుణం. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, దాని పక్కనే తెలంగాణ ప్రాజెక్టు 1,600, జైపూర్‌లో సింగరేణి 1,200. రాష్ట్రం వెలగడానికి బొగ్గు, భూమి, నీళ్లు ఇచ్చింది ఈ నేలే. ఓపెన్‌కాస్టు పేలుళ్లకు పగిలిన గోడలు, ఆరేసిన బట్టల మీద బూడిద, ఇవన్నీ ఇక్కడివాళ్లు భరిస్తున్నవే. రామగుండం రిజర్వాయర్‌ నీటిమీద 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పూర్తయింది. ఎవరి పొలమూ పోని చోట ప్రాజెక్టు పెట్టే దారులున్నాయనడానికి అదే రుజువు.

కేంద్రం మినహాయింపు ఇచ్చిందని రాష్ట్రం చేతులు దులుపుకోవడానికి లేదు. మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులిచ్చే ఐపాస్ విధానం రాష్ట్రం చేతిలోనిదే. గ్రామసభ జరగనిదే ఆ దరఖాస్తు తీసుకోబోమని ఒక్క జీవో ఇస్తే సరిపోతుంది. నీళ్లెన్ని, వ్యర్థాలెక్కడికి, రోడ్డెటు అన్న వివరాలు తెలుగులో, సభకు నెల ముందే పంచాయతీ గోడ మీద కనిపించాలి. ఊరు వద్దంటే ఎందుకు వద్దంటోందో రాసుకుని, దానికి లిఖితపూర్వక జవాబు ఇవ్వాలి. గాలిమరలు ఇళ్లకు కనీసం 500 మీటర్ల దూరం ఉండాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. దాన్ని కొలిచే పని కంపెనీకి కాకుండా మండల సర్వేయర్‌కు అప్పగించాలి. దిలావర్‌పూర్ కేసుల్ని ఎత్తేయాలి. ఆపిన పనులు మరో పేరుతో, మరో కాగితంతో మొదలుకావని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

దిలావర్‌పూర్ రోడ్డెక్కిన నాటికి రాష్ట్రంలో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి నుంచి ఊళ్లను నడిపింది ప్రత్యేకాధికారులు. 2025 డిసెంబర్ ఎన్నికలతో ఇప్పుడు దాదాపు ప్రతి పంచాయతీలో జనం ఎన్నుకున్న పాలకవర్గం ఉంది కాబట్టి అడగడానికి ఎవరూ లేరన్న సాకు చెల్లదు. సర్పంచులు తమ మొదటి గ్రామసభల్లోనే, ఊరిని అడగనిదే ఏ ప్రాజెక్టూ మొదలుకాకూడదని తీర్మానం చేసి కలెక్టరేట్‌కు పంపాలి.