విచారణకు విచారణ వలదా?

తెలుగు కథోలికులు తమ గుడిని, దాని చుట్టునున్న పల్లెలను కలిపి విచారణ యందురు. దానిని పాలించు గురువును విచారణ గురువందురు. ఆ పేరు పెట్టిన పెద్దలెవరో కాని మంచి పేరే పెట్టిరి. విచారణ యనగా యోగక్షేమముల నరయుట. విచారణ యనగా ప్రశ్నించి నిజము తెలిసికొనుట. మొదటి యర్థమును మనమంగీకరించితిమి. రెండవదానిని గుడి వాకిట చెప్పులతోపాటు విడిచి లోనికి బోవుచున్నాము. గుడి సొమ్మును గూర్చి యెవడైన నడిగినచో వానిని భక్తిహీనుడనియు, కక్షదారుడనియు ననుచున్నాము. ఈ యాచారము తప్పు. ఇది శ్రీసభ శాసనమునకు విరుద్ధము. దీనిని మానని యెడల మన విచారణలకు మంచి భవిష్యత్తు లేదు.

మొదట నీ సొమ్మెవరిదో చూతము. ఆదివారపు పూజలో కానుకసంచి వరుసల వెంట నడచునపుడు అందులో పడు పది రూపాయల నోటు, మిరపచేనిలో దినమంతయు నడుము వంచి కాయలు కోసిన స్త్రీ కష్టార్జితము. పండుగ చందా, చనిపోయినవారి కొఱకిచ్చు పూజాకానుక, గండము తప్పినందులకు చెల్లించు మ్రొక్కుబడి – ఇవియు నట్టి చేతులనుండియే వచ్చుచున్నవి. తెలుగునాట కథోలికులలో ననేకులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి, క్రైస్తవుడైన దళితునకు షెడ్యూల్డు కులమువాని హక్కులు నేటికిని లేవు. ప్రభుత్వమువలన రావలసినది పోగొట్టుకొని, మిగిలిన దానిలో గుడికిచ్చువాడు ధనవంతునికంటె నధికముగా నిచ్చుచున్నాడు. విధవరాలి రెండు కాసులను గూర్చి ప్రసంగింపని గురువు లేడు. ఆ దినమున ప్రభువు కానుకపెట్టె కెదురుగా గూర్చుండి చూచుచుండెనని సువార్త చెప్పుచున్నది. కాసులు పడుట చూచిన ప్రభువు అవి యెటు పోయినవో చూడడా?

లెక్క యడుగుట పరుల పద్ధతి, మనది కాదని కొందరందురు. ఇది తెలియని మాట. దేవాలయ ధనమును నిర్వహించువారు ఏటేట మేత్రాణులకు లెక్క యొప్పగింపవలెనని 1562లో త్రెంతు మహాసభయే విధించెను. 1983లో వెలువడిన శ్రీసభ శాసనసంహిత మఱింత స్పష్టము. ప్రతి విచారణలోను ఆర్థికసంఘ ముండవలెననియు, అందు విశ్వాసులు చేరి గురువునకు తోడ్పడవలెననియు 537వ శాసనము. రాబడి వ్యయముల పుస్తకములు క్రమముగా వ్రాయవలెననియు, ఏటి చివర నివేదిక సిద్ధపఱుపవలెననియు, ఆస్తిపత్రములను భద్రపఱుపవలెననియు 1284వది. రాబోవు ఏటికి ముందే యంచనా వేసికొండని గట్టిగా హెచ్చరించునదియు నదియే. పనివారికి కుటుంబపోషణకు చాలిన న్యాయమైన జీతమీయవలెనని 1286వది. ఒక పనికై యిచ్చిన కానుకను ఆ పనికే వినియోగింపవలెనని 1267వది. విశ్వాసులిచ్చిన సొమ్మునకు, స్థానిక నియమముల ననుసరించి, విశ్వాసులకే లెక్క చెప్పవలెనని 1287వది. కావున లెక్క యడుగువాడు తిరుగుబాటుదారుడు కాడు, విధేయుడు. దాచువాడే శాసనమును మీరినవాడు.

ఇక భవిష్యత్తు. మన చరిత్రలోనే యొక పాఠము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి యేసుసభ గురువులు తెలుగుదేశమున స్థాపించిన సంఘములు, 1773లో జగద్గురువులు యేసుసభను రద్దుచేయగా, కాపరులు లేని మందలైనవి. తరువాత 1855లో మిలాను గురువులు హైదరాబాదునకును, 1875లో మిల్‌హిల్ గురువులు కోస్తా మండలములకును వచ్చిరి. వారి వెంట ఐరోపా దాతల ధనము వచ్చెను. గుడులు, బడులు, వైద్యశాలలు లేచెను. 1940లో గుంటూరు మేత్రాసనము తెలుగుబిడ్డయైన పోతకమూరి తోమాసుగారి క్రింద నేర్పడెను. కాపరులు మనవారైరి, చేయి చాచు నలవాటు మాత్రము మనలను విడువలేదు. 2020లో విదేశీ విరాళముల చట్టము సవరింపబడినది. ఆ ధనము ఢిల్లీలోని భారతీయ స్టేటు బ్యాంకు ప్రధానశాఖ ఖాతాకే మొదట రావలెను. పొందిన సంస్థ దానిని మఱియొక సంస్థకు మార్చి యీయరాదు. పరిపాలన వ్యయము నూటికి 20కి మించరాదు. ఆ చట్టము న్యాయమో కాదో వేఱు చర్చ. దూరపు చెఱువు ఎండుచున్నదని తెలిసిన రైతు తన చేనిలో బావి త్రవ్వుకొనును. మనము చేయుచున్నదేమి?

మనము గోపురములు కట్టుచున్నాము. పండుగ వచ్చినదన్న క్రొత్త ముఖద్వారము, క్రొత్త రంగులు, దాతల పేర్లు చెక్కిన నల్లరాతి పలక. పదేండ్లకు కప్పు కురిసిన బాగుచేయుటకు నిధి లేదు. పలకమీద పేరునకు దాత దొరకును. ఉపదేశి జీతమునకు దొరకడు. పల్లెపల్లెకు తిరిగి పిల్లలకు జపములు నేర్పి, గురువు రాలేని ఆదివారము ప్రార్థన నడపి, అర్ధరాత్రి ప్రాణము పోవుచున్నవాని మంచముకడ గూర్చుండువాడు ఉపదేశి. వాని కుండ యెట్లు కాగుచున్నదని విచారించిన విచారణలెన్ని? గోపురము కట్టదలచినవాడు ముందు గూర్చుండి ఖర్చు లెక్కింపడా యని ప్రభువే యడిగెను. మనము కట్టిన పిదప లెక్కింప గూర్చుందుము. అప్పటికి గురువు బదిలీయై పోవును. క్రొత్తగా వచ్చినవారికి తాళపుచెవులును, అప్పులును మిగులును.

లెక్క యడిగిన గురువుల గౌరవము పోవునందురు. అపొస్తలులలో డబ్బుసంచి మోసినవాడు యూదా. ఆ సంచిని విచారించినవారు లేకపోయిరి. పౌలు మాత్రము యెరూషలేము పేదలకై చందా పోగుచేసినపుడు, తనపై నింద రాకుండ సంఘములు నమ్మినవారిని వెంట గొనిపోయెను. పౌలునకు తగ్గని గౌరవము మన గురువులకు తగ్గునా? నిష్కళంకుడైన గురువునకు లెక్కపుస్తకమును మించిన కవచము లేదు. పల్లెవారికి లెక్కలు తెలియవందురు. ఆ పల్లెలోనే డ్వాక్రా సంఘమున తల్లులు నెలనెల పొదుపు కట్టి, అప్పు తీర్చి, పైస తేడా వచ్చిన నిలదీయుచున్నారు. బ్యాంకు నమ్మిన స్త్రీని గుడి నమ్మదా? కక్షలు పెరుగునందురు. కక్షలు పెరుగునది చీకటిలోనే. గోడమీద వ్రాసిన లెక్కకు కక్షతో పనిలేదు. దేవుడే చూచుకొనునందురు. చూచుకొనును, ఏడేండ్ల కఱవునకు ముందుగా ధాన్యము నిలువచేయించినది కూడ దేవుడే, యోసేపు చేత.

చేయవలసినది కొండను త్రవ్వుట కాదు. ఆర్థికసంఘమును పేరునకు గాక పనికి నిలుపుడు. అందు కూలిచేయు స్త్రీ యొకతె తప్పక యుండవలెను. ఏటికొకమారు పూజానంతరమున రాబడి వ్యయములను బిగ్గరగా చదివి, గుడి తలుపునకు నంటింపుడు. రాబడిలో మొదటి భాగము ఉపదేశి జీతమునకు, రెండవది మరమ్మతు నిధికి. ఆ పిమ్మటనే గోపురము. గుడి భూముల పట్టాలను, హద్దులను వ్రాసి ఒక ప్రతిని మేత్రాసనమున నుంచుడు. రాబోవు పదేండ్లలో నెందరు పిల్లలు చదువుకొందురు, ఎందరు వలసపోవుదురు, ఎందరు వృద్ధులు మిగులుదురు అని యింటింట నడిగి వ్రాసికొనుడు. ఆ కాగితము చేతనున్నవారికి గోపురము కావలయునో, వృద్ధులకు గంజి కావలయునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

చదువరులారా! వచ్చు ఆదివారము మీ కానుక సంచిలో వేయుడు, తక్కువ వేయవలదు. పూజ ముగిసిన పిదప గురువుగారికి నమస్కరించి, గత యేటి లెక్క యెప్పుడు చదువుదురని వినయముతో నడుగుడు. ఒక్కడడిగిన కక్షదారుడనిపించుకొనును, పదుగురడిగిన నది విచారణ యగును.