తీసిన చిత్రం – తీర్చని బాకీ

దూరప్రయాణం చేసినవాడు ఒట్టి చేతులతో ఇల్లు చేరరాదని మన పెద్దలు అంటారు. సముద్రతీరానికి వెళ్ళినవారు ఒకప్పుడు గవ్వలో, శంఖమో, పిల్లలకు కొయ్యబొమ్మలో తెచ్చేవారు. నేడు ఆ స్థానాన్ని ఛాయాచిత్రాలు ఆక్రమించుకొన్నాయి. గత డిసెంబరులో మన కళాశాల విద్యార్థులు నలభై ఇద్దరు విహారయాత్రకై భీమునిపట్నం వెళ్ళి మూడు దినాలు గడిపి వచ్చారు. వారి వెంట వెళ్ళిన అధ్యాపకులలో నేనొకడిని. తిరుగు ప్రయాణంలో రైలుపెట్టెలో కూర్చొని అందరి ఫోనులలోని చిత్రాలనూ లెక్కించగా నాలుగు వేలకు పైగా తేలాయి. ఇదంతా మన ఆస్తి అని విద్యార్థులు సంబరపడ్డారు. అది ఆస్తియా, లేక మన నెత్తిన మిగిలిన బాకీయా అన్న సందేహం మాత్రం నన్ను ఆనాటి నుండి విడిచిపెట్టలేదు. ఆ సందేహాన్ని విద్యార్థి మిత్రుల ఎదుటను, కళాశాల కమిటీ పెద్దల ఎదుటను ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భీమునిపట్నం విశాఖపట్నానికి ఉత్తరాన సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసేచోట వెలసిన చిన్న పట్టణం. జనం నోట భీమిలి. పదిహేడవ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. వారి సమాధులు నేటికీ నిలిచి ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. పావురాలకొండ మీద బౌద్ధ విహార శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. విశాఖ నుండి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎండవాలే వేళ నిప్పుల కుప్పలవలె మెరుస్తాయి. ఇన్ని శోభలు ఒక్కచోట కూడినప్పుడు యువకుల చేతిలోని కెమెరా ఊరక ఉండమన్న ఉండదు. ఉండనవసరం కూడా లేదు.

ఆ నాలుగు వేల చిత్రాలను తీరిగ్గా పరిశీలించాను. సగానికి పైగా మన విద్యార్థుల ముఖాలే. వెనుక సముద్రం ఉన్నదో లేదో వెదుక్కోవాలి. మిగిలినవాటిలో సూర్యోదయాలు, అలలు, సమాధులు, దిబ్బలు ఉన్నాయి. ఆ పైన ఊరి మనుషులు. వల లాగేవారు, నావను ఇసుక మీదికి నెట్టేవారు, నెత్తళ్ళు ఎండబోసేవారు, తట్ట నెత్తిన పెట్టుకొని బజారుకు నడిచేవారు. అందరూ ఏకగ్రీవంగా మెచ్చిన చిత్రం ఒకటి ఉన్నది. ద్వితీయ సంవత్సరం బి.కాం. విద్యార్థి ఒకడు తెల్లవారుజామున తీసినది. ఎర్రని ఆకాశం, బంగారు నీరు, మధ్యలో వల లాగుతున్న మనిషి. చూడగానే ఆహా అనిపిస్తుంది. కానీ ఆ మనిషికి ముఖం లేదు.

ఇందులో మర్మం ఏమీ లేదు. మన తూర్పుతీరాన సూర్యుడు సముద్రంలో నుండి ఉదయిస్తాడు. ఒడ్డున నిలబడి నీటివైపు కెమెరా పెడితే, ఎదుటి మనిషి వెలుగుకు అడ్డుపడి నల్లని నీడ అవుతాడు. అతని ముఖం కనిపించాలంటే మనం మోకాలిలోతు నీటిలోకి దిగి, సముద్రానికి వీపు పెట్టి, ఊరివైపు తిరగాలి. అప్పుడు ఎండ అతని ముఖాన పడుతుంది. అయితే అప్పుడు అతడు కూడా మనను చూస్తాడు. చూసినవానితో మాట్లాడక తప్పదు. ఆ మాట తప్పించుకోవడానికే మనలో చాలమంది ఒడ్డున ఉండిపోతున్నామేమో అని నా అనుమానం.

మొదటి రోజు ఉదయం జరిగిన సంగతి ఇది. చేపలు ఎండబోస్తున్న ఒక నడివయస్సు స్త్రీని మన విద్యార్థులు అయిదారుగురు చుట్టూ చేరి ఫోటోలు తీయసాగారు. ఆమె కసరలేదు, ముఖం తిప్పుకోలేదు. పని ఆపకుండానే, "ఏటి బాబూ, ఏటేటా ఎవరో ఒకరొచ్చి బొమ్మలు తీసుకుపోతారు. ఒక్క బొమ్మయినా మల్లీ తెచ్చి సూపించినోలు లేరు" అన్నది. పిల్లలు నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను. కారణం నా చేతిసంచిలో ఉన్న ఒక కవరు.

2012 జనవరిలో, నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో, మిత్రులతో కలిసి ఇదే తీరానికి వచ్చాను. అరువు తెచ్చుకొన్న డిజిటల్ కెమెరా మెడలో ఉన్నది. నావ పక్కన కూర్చొని వల బాగుచేసుకొంటున్న ఒక పెద్దమనిషిని ఫోటో తీశాను. "నాకొకటి పంపుతావా బాబూ?" అని ఆయన అడిగాడు. "తప్పక పంపుతాను తాతా" అని చిరునామా కూడా రాసుకొన్నాను. తర్వాత పరీక్షలు వచ్చాయి, ఉద్యోగ ప్రయత్నాలు వచ్చాయి. నేడు, రేపు అనుకొంటూ సంవత్సరాలు దొర్లిపోయాయి. ఆ చిరునామా కాగితం ఎక్కడ పోయిందో తెలియదు. చిత్రం మాత్రం భద్రంగా ఉన్నది. అదే చిత్రాన్ని ఎందరికో చూపి మెప్పు పొందాను. ఒకసారి గోడకు కూడా తగిలించాను. యాత్ర భీమిలికి అని నిశ్చయమైనప్పుడు, చేసిన తప్పు జ్ఞాపకం వచ్చి ఒక ప్రతి అచ్చు వేయించి సంచిలో పెట్టుకొన్నాను. పెట్టుకొన్నానే గాని, ఏ ముఖం పెట్టుకొని వెళ్ళగలనన్న బిడియంతో వెనుకాడుతూ వచ్చాను. ఆ స్త్రీ మాట ఆ బిడియాన్ని వదిలించింది.

ఆ సాయంత్రం చిత్రం చేతపట్టుకొని తీరమంతా విచారించాను. అరగంటలో మనిషి దొరికాడు. వృద్ధుడయ్యాడు, కొడుకు ఇంట ఉంటున్నాడు. నేను ఆయనకు జ్ఞాపకం లేను. చిత్రాన్ని అందుకొని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు. తన ముఖాన్ని చూసుకొంటున్నాడనుకొన్నాను. ఆయన చూస్తున్నది తన ముఖాన్ని కాదు, వెనుక ఉన్న నావను. "ఇది మా నావే బాబూ. హుద్‌హుద్‌కి ముక్కలైపోనాది" అన్నాడు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని ఊపివేసిన ఆ తుఫానును ఎవరు మరువగలరు? తర్వాత ఆయన నిదానంగా, "నష్టం రాసుకోడానికొచ్చినోలు నావ ఉండేదనడానికి రుజువేటని అడిగారు. అప్పుడీ బొమ్మ నాకాడుంటే సూపించీవోడిని గదా" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగినది జరిగినట్లు చెప్పాడు.

ఒక్క ఛాయాచిత్రం వలన ఆయనకు పరిహారం దక్కేదని నేను అనలేను. దానికి ఎన్ని కాగితాలు కావాలో, ఎన్ని సంతకాలు కావాలో! కాని ఆయన నావకు మిగిలిన ఒకే ఒక సాక్ష్యం నా ఇంటి గోడ మీద అలంకారంగా వేలాడుతున్నదన్న మాట నిజం. నాకు వినోదం అయినది ఆయనకు అవసరం. ఇది తెలిసినందుకే ఆ నాలుగు వేల చిత్రాలను ఆస్తి అనడానికి నా నోరు రావడం లేదు. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచినది, అడిగినా అడగకున్నా తిరిగి అప్పగించవలసినది అని దాని భావం. మనిషి ముఖం అటువంటిదే.

ఛాయాచిత్రకళ తొలినాళ్ళలో ఈ చిక్కు ఇంతగా లేదు. పెద్ద కెమెరా, ముక్కాలిపీట, గాజుపలక, అటూ ఇటూ కదలకుండా కూర్చోవలసిన మనిషి. తాను చిత్రంలోకి ఎక్కుతున్న సంగతి ఎదుటివారికి తెలియకుండా ఉండే అవకాశమే తక్కువ. 1888లో ఈస్ట్‌మన్ తన కొడాక్ కెమెరాను విడుదల చేసిన తరువాత విహారయాత్రికుడు కూడా ఛాయాగ్రాహకుడయ్యాడు. నేటి ఫోను ఆ వేగాన్ని వేయింతలు చేసింది. వేగం పెరిగేకొద్దీ మర్యాద తరిగింది.

మర్యాదకు మన గడ్డ మీదనే ఒక గొప్ప దృష్టాంతం ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొందిన రాజా దీన్‌దయాళ్, 1892లో ఘోషా స్త్రీల కొరకు హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. చిత్రం దిగదలచిన స్త్రీ తన మర్యాదకు భంగం లేకుండా దిగాలన్నది అందులోని భావం. కెమెరా మనిషి దగ్గరకు ఏ నియమంతో వెళ్ళాలో నిర్ణయించవలసింది ఆ మనిషే అన్నమాట. ఆ గౌరవం కోటలలోని స్త్రీలకే గాని, ఇసుకలో చేపలు ఎండబోసే స్త్రీకి అక్కరలేదా? మన ఇళ్ళలో తల్లినో, చెల్లినో ఎవరైనా అడగకుండా ఫోటో తీస్తే మనం సహిస్తామా? మన కళాశాల విద్యార్థినులు ఎందరో తమ చిత్రం ఎక్కడ పడితే అక్కడ కనిపించడానికి ఇష్టపడరు. వారి ఇష్టాన్ని మనం మన్నిస్తాం. అదే మన్నన భీమిలి ఒడ్డున ఎందుకు మరచిపోయాం?

వృత్తి నిపుణులు సైతం ఈ బాకీ పడ్డవారే. 1936లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, బఠాణీకాయలు కోసే కూలీల శిబిరంలో డొరొతియా లాంగ్ తీసిన ఒక తల్లి చిత్రం జగత్ప్రసిద్ధమయింది. లాంగ్ ఆనాడు ఆ తల్లి పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ బాలిక చిత్రం 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమై దేశదేశాలు తిరిగింది. 2002లో వెదకి కనుగొనే దాకా షర్బత్ గులా తన చిత్రాన్ని తానే చూడలేదు. ఆ చిత్రాల వలన లోకానికి మేలు జరగలేదని నేననను. లోకమంతా చూసిన ముఖాన్ని ఆ ముఖం గలవారు మాత్రం చూడకపోవడం న్యాయమా అని మాత్రమే అడుగుతున్నాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ బి.కాం. విద్యార్థే నాతో వాదించాడు: "సార్, అడిగితే సహజత్వం పోతుంది కదా?" అని. వాదనలో బలం ఉన్నది. మూడవ రోజు ఉదయం అతనిని నాతోపాటు నీటిలోకి దింపి ఊరివైపు తిప్పాను. అతడు వల లాగే ఆయనను, "మీ ఫోటో తీసుకోవచ్చా బాబాయ్?" అని అడిగాడు. ఆయన వల వదిలి, ముఖం తుడుచుకొని, తమ్ముణ్ణి కేకవేసి పక్కన నిలబెట్టుకొని, చేతులు కట్టుకొని నిటారుగా నిలిచాడు. "చూశారా సార్, సహజత్వం పోయింది" అన్నాడు మనవాడు. పోయిన మాట నిజమే. కాని ఆ మనిషి తనను లోకం ఏ విధంగా చూడాలని కోరుకొన్నాడో అది ఆ చిత్రంలో వచ్చింది. తమ్ముడు లేకుండా తాను లేనన్న సంగతి కూడా వచ్చింది. నల్లని నీడలో ఈ రెండూ లేవు. పనిలో ఉన్న మనిషి చిత్రమే కావాలంటే, తీసిన వెంటనే చూపించి, వద్దంటే చెరిపివేయవచ్చు. సముద్రాన్ని, కొండను, సమాధిని అనుమతి అడగనక్కరలేదు. మనిషిని అడగాలి. ఇంతే భేదం.

ఉపన్యాసాలతో సరిపెట్టుకోరాదు గనుక కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాను. ఒకటి: ఈ వార్షిక సంచికలో గాని, ప్రకటన ఫలకం మీద గాని మనుషుల చిత్రాలు వేసేటప్పుడు, వారి సమ్మతి తీసుకొని, వారికి ఇష్టమైతే పేరు వేయాలి. "మత్స్యకార మహిళ" అన్నది పేరు కాదు. రెండు: విహారయాత్ర ఖర్చులలో కొద్ది మొత్తాన్ని చిత్రాల ప్రతులకు కేటాయించాలి. ఒక చిన్న ప్రతికి ఇరవై రూపాయలకు మించి కాదు. యాభై మందికి పంపినా వేయి రూపాయలు. టీ ఖర్చులో మిగల్చవచ్చు. మూడు: యాత్రాసంఘం విద్యార్థులు ఒక పుస్తకంలో ఎవరిని ఎక్కడ తీసినదీ, ఏ చిరునామాకు పంపవలసినదీ రాసి, పంపిన తేదీ ఎదురుగా వేయాలి. నావలె కాగితం పారవేసుకొన్న వారికి ఈ పుస్తకం ఎంత అవసరమో వేరే చెప్పనవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా, చిత్రాలు తీయండి. తుఫానులు వస్తాయి, దిబ్బలు కోతపడతాయి, నావలు పగులుతాయి. మీరు తీసినదే రేపు ఎవరికో సాక్ష్యం కావచ్చు. అయితే సాక్ష్యం ఉండవలసినవారి చేతిలో ఉన్నప్పుడే అది సాక్ష్యం. చేపలు ఎండబోసే ఆ తల్లి చిత్రాలు మన ఫోనులలో పదకొండు ఉన్నాయి. వాటిలో రెండింటిని ప్రతులు తీయించి నా బల్ల సొరుగులో ఉంచాను. ఆమె పేరు అడగడం ఆనాడు మాలో ఎవరికీ తట్టలేదు గనుక తపాలాలో పంపే వీలు లేదు. ఈ డిసెంబరులో భీమిలి వెళ్ళేవారు ఎవరైనా సరే, నా దగ్గరకు వచ్చి ఆ కవరు తీసుకొని వెళ్ళండి. ముందుగా ఆమె పేరు అడగండి. తర్వాత కవరు చేతికివ్వండి. కెమెరా సంగతి ఆ తరువాత చూడవచ్చు.